పాలనా నిర్ణయాల్లో బిగ్ డేటా: ఉత్తర తెలంగాణ నేర్పుతున్న పాఠాలు

వానాకాలం ఆరంభానికి ముందే వ్యవసాయ పాలనలో ఎన్నో నిర్ణయాలు జరిగిపోవలసి ఉంటుంది. ఏ జిల్లాకు ఎన్ని టన్నుల యూరియా కావాలి, ఏ మండలానికి ఏ రకం విత్తనం ఎంత పంపాలి, కోతల నాటికి కొనుగోలు కేంద్రాలు ఎక్కడెక్కడ తెరవాలి, గోనెసంచులు ఎన్ని సమకూర్చుకోవాలి అన్న ప్రశ్నలకు జిల్లా కలెక్టరు మొదలు రాష్ట్ర కార్యదర్శి వరకు అందరూ ఏదో ఒక అంకెను ఆధారం చేసుకొనే జవాబు చెప్పవలసి ఉంటుంది. ఒక తరం క్రితం ఆ అంకె గ్రామ పహాణీ నుంచి మండలానికి, అక్కడి నుంచి జిల్లాకు నెమ్మదిగా ప్రయాణించి వచ్చేది. అది చేరేసరికి పంట కోతకు వచ్చిన సందర్భాలూ ఉండేవి. నేడు వ్యవసాయ విస్తరణాధికారి తన ట్యాబ్‌లో నమోదు చేసిన వివరం అదే రోజు హైదరాబాదులోని తెరపై కనిపిస్తున్నది.

ఈ మార్పు సామాన్యమైనది కాదు. అయితే అంకె త్వరగా వచ్చినంత మాత్రాన నిర్ణయం సరైనదవుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఇటీవలి అనుభవాలను ఈ దృష్టితో పరిశీలించడం విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ విద్యార్థులకు ఉపయోగకరం. ఎందుకంటే పాలకుడు చూసే ప్రతి అంకె పుట్టేది పొలం గట్టు మీదనే. ఆ అంకెకు అర్థం చెప్పగలిగినవారు కూడా అక్కడే ఉన్నారు.

బిగ్ డేటా అంటే ఏమిటి?

సమాచారం ఎక్కువగా ఉండడం ఒక్కటే బిగ్ డేటా కాదు. 2001లో డగ్ లేనీ అనే విశ్లేషకుడు దీనికి మూడు లక్షణాలు చెప్పారు: పరిమాణం, వేగం, వైవిధ్యం. వ్యవసాయంలో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. లక్షలాది పట్టాదారుల రికార్డులు పరిమాణానికి ఉదాహరణ. స్వయంచాలిత వాతావరణ కేంద్రాల నుంచి రోజంతా వచ్చే వర్షపాతం, ఉష్ణోగ్రత వివరాలు వేగానికి ఉదాహరణ. భూ రికార్డులు, ఉపగ్రహ చిత్రాలు, మార్కెట్ ధరలు, నేల పరీక్షల ఫలితాలు, బ్యాంకు ఖాతాలు ఒకే చోట కలవడం వైవిధ్యం.

ఈ కలయికలోనే అసలు శక్తి ఉన్నది. ఒక్కొక్క పట్టిక విడిగా చెప్పలేని విషయం, పట్టికలన్నీ కలిసినప్పుడు తెలుస్తుంది. ప్రమాదం ఉన్నదీ అక్కడే. ఒక పట్టికలోని తప్పు మిగతా పట్టికల్లోకి ప్రవహిస్తుంది.

పాలనకు చేకూరిన మేలు

తెలంగాణలో ఈ బాటకు 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేను తొలి మైలురాయిగా చెప్పుకోవచ్చు. ఒకే రోజున సుమారు కోటి కుటుంబాల వివరాలు సేకరించారు. 2017 సెప్టెంబరు 15న ప్రారంభమైన భూ రికార్డుల ప్రక్షాళన రెండవ మెట్టు. ఆ రికార్డుల ఆధారంగానే 2018 మే 10న రైతుబంధు పథకం మొదలైంది. తొలి విడతలో సుమారు 50 లక్షల మంది పట్టాదారులకు ఎకరాకు 4,000 రూపాయల చొప్పున సహాయం అందింది. దరఖాస్తులతో, మధ్యవర్తులతో పని లేకుండా ఇంత మందికి ఇంత తక్కువ వ్యవధిలో సహాయం చేరడం సమీకృత సమాచారం లేనిదే సాధ్యమయ్యేది కాదు. పంట పెట్టుబడికి అప్పు వెదుక్కొనే సమయంలో రైతు చేతికి డబ్బు అందడం ఎంత ముఖ్యమో విస్తరణ రంగంలోని వారికి వేరుగా చెప్పనవసరం లేదు.

సలహా సేవల్లోనూ ప్రయోజనం కనిపించింది. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలోని వ్యవసాయ వాతావరణ విభాగం ప్రతి మంగళ, శుక్రవారాల్లో సలహా బులెటిన్ వెలువరిస్తుంది. వరికి అగ్గితెగులు మందు నేడు పిచికారీ చేయాలా, రెండు రోజులు ఆగాలా అన్నది వర్ష సూచనను బట్టి తేలుతుంది. వర్షానికి ముందు కొట్టిన మందు కొట్టుకుపోకుండా ఆపడం రైతుకు ఆ రోజే కనిపించే ఆదా.

ఖమ్మం జిల్లాలో మిరప రైతులతో చేపట్టిన ‘సాగు బాగు’ ప్రయోగాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక తోడ్పాటుతో సుమారు 7,000 మంది రైతులకు నేల పరీక్ష, కృత్రిమ మేధతో కూడిన సలహాలు, నాణ్యత పరీక్ష, మార్కెట్ అనుసంధానం కల్పించారు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గిందని నిర్వాహకులు ప్రకటించారు. 2023 ఆగస్టులో రాష్ట్రం వ్యవసాయ డేటా ఎక్స్ఛేంజ్‌ను ప్రారంభించింది. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద ప్రతి రైతుకు 11 అంకెల గుర్తింపు సంఖ్య ఇచ్చే పని సాగుతున్నది. కాబట్టి ఈ దారిలో వెనుకకు పోవడమనే ప్రశ్న లేదు. ముందుకు ఎలా పోవాలన్నదే ఆలోచించవలసిన విషయం.

జగిత్యాల: జరిగిన దానికి లెక్క, జరగబోయే దానికి ఊహ

2020 వానాకాలానికి ముందు రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు విధానాన్ని ప్రకటించింది. విస్తీర్ణాలు, నిల్వలు, గిరాకీ లెక్కలు ముందుంచుకొని పత్తి సుమారు 70 లక్షల ఎకరాల్లో, వరి సుమారు 40 లక్షల ఎకరాల్లో వేయాలని, వానాకాలంలో మొక్కజొన్న వద్దని సూచించింది. వరిలో సన్న రకాలను ప్రోత్సహించింది. సూచన పాటించని వారికి రైతుబంధు వర్తించదని కూడా తొలుత చెప్పింది. ఒక రాష్ట్రం మొత్తం పంటల సరళిని లెక్కల ఆధారంగా తీర్చిదిద్దాలన్న ఇంత పెద్ద ప్రయత్నం మన ప్రాంతంలో అరుదైనది. అందుకే దీన్ని నిష్పక్షపాతంగా అధ్యయనం చేయాలి.

ఆ విధానం వెనుక ఉన్న తర్కంలో బలం లేకపోలేదు. వానాకాలం మొక్కజొన్న కంటే యాసంగి మొక్కజొన్న దిగుబడి మెరుగు. ధర పడిపోయిన పంటను మళ్లీ మళ్లీ వేస్తే నష్టపోయేది రైతే. అందరూ ఒకే పంట వేసి ధర చెడగొట్టుకోవడం కంటే గిరాకీని బట్టి వేయడం మేలన్నది ఆర్థికశాస్త్రం చెప్పే మాటే.

ఆ ఏడాది వరి విస్తీర్ణం 50 లక్షల ఎకరాలు దాటింది. అక్టోబరులో భారీ వర్షాలు పడ్డాయి. సన్న రకాల్లో దిగుబడి తగ్గిందని, చీడపీడల ఖర్చు పెరిగిందని రైతులు చెప్పారు. గ్రేడ్ ‘ఏ’ వడ్లకు ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 1,888 రూపాయలు. దొడ్డు రకమైనా, సన్న రకమైనా ప్రభుత్వ కొనుగోలులో దాదాపు అదే ధర. సన్నవడ్లకు 2,500 రూపాయలు ఇవ్వాలని, మొక్కజొన్నను కొనాలని జగిత్యాల రైతులు రోడ్డెక్కారు. అక్టోబరులోనే ప్రభుత్వం మొక్కజొన్నను 1,850 రూపాయల మద్దతు ధరకు కొనడానికి అంగీకరించింది. డిసెంబరు 27న నియంత్రిత సాగు విధానాన్నే విరమించుకున్నది.

ఇక్కడ అంకెలు తప్పని చెప్పలేం. అవి చెప్పగలిగినది గడచిన సంవత్సరాల సంగతి. ఏ ఏడాది ఎన్ని ఎకరాలు, ఎన్ని టన్నులు, ఎంత ధర అన్న వివరాలు ఎంత వివరంగా ఉన్నా, నిర్ణయం ప్రకటించిన తరువాత రైతు ఏమి చేస్తాడన్నది వాటిలో ఉండదు. నిర్ణయమే పరిస్థితిని మారుస్తుంది. సన్న రకం వేయమన్నప్పుడు దానికి తగిన ధర ఏర్పాటు లేకపోతే ఖర్చు, దిగుబడి, తెగులు భయం అనే మూడు లెక్కలూ రైతు స్వయంగా వేసుకుంటాడు. ఆ లెక్క ఏ సర్వర్‌లోనూ ఉండదు. రచ్చబండ మీద, విత్తనాల దుకాణం ముందు వినిపిస్తుంది. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ 2024 వానాకాలంలో అమలైంది. 2020లో రైతు అడిగిన ప్రశ్నకు పాలన నుంచి జవాబు నాలుగేళ్లకు వచ్చిందన్నమాట.

కోరుట్ల: ఒక గడిలో రెండు పంటలు

కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం ప్రాంతాలు పసుపు సాగుకు పేరుపొందినవి. ఇక్కడి రైతు పసుపును ఒంటరిగా వేయడం తక్కువ. జూన్‌లో పసుపు కొమ్ములు నాటినప్పుడే మొక్కజొన్నను అంతరపంటగా వేస్తాడు. మొక్కజొన్న లేత పసుపు మొక్కలకు నీడనిస్తుంది, మూడు నాలుగు నెలల్లో చేతికి వచ్చి పసుపు తవ్వేదాకా ఖర్చులకు ఆసరా అవుతుంది, చొప్ప పశువులకు మేతవుతుంది. పసుపు తవ్వకం జనవరి తరువాత. ఆపైన ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం. ఎనిమిది, తొమ్మిది నెలల పంటకు మధ్యలో వచ్చే ఆ మొక్కజొన్న ఆదాయం చిన్నదైనా ప్రాణప్రదం.

ఈ పొలాన్ని యాప్‌లో ఎలా నమోదు చేయాలి? సర్వే నంబరుకు ఒకే పంట అన్న పద్ధతి ఉంటే, పసుపు రాస్తే మొక్కజొన్న మాయమవుతుంది. మొక్కజొన్న రాస్తే పసుపు మాయమవుతుంది. రెండింటినీ పూర్తి విస్తీర్ణంతో రాస్తే ఉన్న భూమి కంటే సాగైన భూమి ఎక్కువవుతుంది. ఆగస్టులో ఆకాశం నుంచి చూసే ఉపగ్రహానికి ముందుగా కనిపించేది ఎత్తుగా పెరిగిన మొక్కజొన్నే. ఒకే పొలం ఒక పట్టికలో పసుపుగా, మరొక పట్టికలో మొక్కజొన్నగా నమోదైతే రెండూ అబద్ధం కావు, రెండూ పూర్తి నిజమూ కావు.

ఇది గుమాస్తా పనిలోని చిన్న చిక్కు కాదు. ‘వానాకాలంలో మొక్కజొన్న వద్దు’ అన్న నిర్ణయం పట్టికలో చూసినప్పుడు ఒక పంటను తగ్గించడమే. కోరుట్ల పొలంలో అది పసుపు సాగు పద్ధతిని కదిలిస్తుంది. పట్టికలో వరుసగా ఉన్న రెండు గడులకు నేల మీద ఉన్న సంబంధం విస్తరణాధికారికి తెలుసు. యాప్ రూపొందించిన వారికి తెలియకపోవచ్చు. కాబట్టి నమోదు ఫారం తయారీలోనే స్థానిక శాస్త్రవేత్తల పాత్ర ఉండాలి.

ధరల సమాచారానిదీ ఇదే తీరు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్ తొలి మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. కుప్పల వారీగా, రోజు వారీగా ధరలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. ఇది కోరుట్ల రైతుకు నిజమైన మేలు. అయితే ఆ ధరల పట్టికలో ఉండేది అమ్మిన రైతు మాత్రమే. మంచి ధర కోసం నిల్వ చేసుకున్నవాడు, అప్పు తీర్చడానికి ఊళ్లోనే వ్యాపారికి ఇచ్చివేసినవాడు అందులో కనిపించరు. సగటు ధర బాగున్నదని తెర చెప్పినప్పుడు, ఎవరికి బాగున్నదని అడగవలసింది మనమే.

సిరిసిల్ల: సగటు చెప్పేది, దాచేది

రాజన్న సిరిసిల్ల ఒకప్పుడు కరవుకు, మగ్గాల కష్టాలకు పేరుపడిన ప్రాంతం. మిడ్ మానేరు జలాశయం నిండడం, చెరువుల్లోకి నీరు చేరడం వంటి కారణాలతో జిల్లా భూగర్భ జలమట్టం సగటున సుమారు ఆరు మీటర్లు పైకి వచ్చినట్లు 2020 నాటికి నమోదైంది. ముస్సోరీలోని జాతీయ పరిపాలన అకాడమీలో శిక్షణకు ఈ మార్పును అధ్యయనాంశంగా తీసుకోవడం అప్పట్లో వార్త అయింది. పరిశీలక బోర్లలో క్రమం తప్పకుండా కొలిచిన నీటిమట్టాలు లేకపోతే ఈ మార్పును ఎవరూ నిరూపించగలిగేవారు కాదు. కొలత విలువ అది.

సగటు మీటర్లలో పెరిగినప్పుడు చెరువు కింది బావికి, మెట్ట మీది బోరుకు ఒకే మేలు జరిగిందని అనుకోరాదు. గట్టి రాతి పొరలున్న మన నేలల్లో రెండు ఫర్లాంగుల దూరంలోనే రెండు బోర్ల నీటి స్థితి వేరు. అంతేకాక, నీరు పెరిగిన వార్త రైతు చెవిన పడగానే అది నిర్ణయమవుతుంది. నీరున్నచోట వరి పెరిగింది. రాష్ట్రమంతటా అదే జరిగింది. నీటి పట్టికలో విజయంగా కనిపించినది ధాన్యం పట్టికలో భారంగా మారింది. 2021లో వరి విస్తీర్ణంపై రాష్ట్రం క్షేత్రస్థాయి లెక్కలకు, కేంద్రం ఉపగ్రహ అంచనాలకు మధ్య తేడా వచ్చి వాదం చెలరేగింది. ఉప్పుడు బియ్యం కొనుగోలు వివాదం 2022 ఏప్రిల్ దాకా సాగింది. రెండు ప్రభుత్వాల వద్దా సమాచారం ఉన్నది. ఏది ప్రామాణికమో తేల్చుకొనే ఉమ్మడి పద్ధతి మాత్రం కరవైంది.

మరొక సంగతి కూడా గమనించాలి. నాలుగైదేళ్లు వరుసగా పెరిగిన నీటిమట్టాన్ని చూసి అది శాశ్వతమనుకోవడం సులభం. 2023 వర్షాకాలం తరువాత నీటి లభ్యత తగ్గింది. 2024 యాసంగిలో కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో వరి ఎండిన పొలాలు కనిపించాయి. గ్రాఫు పైకి పోతున్నదనడం వేరు, అది ఎందుకు పోతున్నదో, ఏ ఆధారం తొలగితే పడిపోతుందో తెలియడం వేరు. నిర్ణయానికి కావలసినది రెండవ జ్ఞానం.

లెక్కలోకి రానివారు

బిగ్ డేటాలోని అత్యంత తీవ్రమైన లోపం తప్పుగా నమోదైనవారిది కాదు, అసలు నమోదు కానివారిది. రైతుబంధు పట్టాదారు రికార్డుపై ఆధారపడింది. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు 5 లక్షల రూపాయల భరోసా ఇస్తుంది. రెండూ గొప్ప పథకాలే. కానీ దున్నేది, విత్తేది, అప్పు చేసేది కౌలు రైతు అయినప్పుడు ఆ రెండు పట్టికల్లోనూ అతని పేరు లేదు. కౌలు రైతు మరణిస్తే ఆ కుటుంబానికి రైతుబీమా పరిహారం రాదు. కౌలుదారులకు రుణ అర్హత పత్రాలు ఇవ్వడానికి ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. చట్టం ఉన్నా రికార్డు నిండలేదు. ఖాళీగా ఉన్న ఆ గడిని యంత్రం ‘కౌలు రైతు లేడు’ అనే చదువుతుంది.

వ్యవసాయం వెలుపల ఇంకొక హెచ్చరిక ఉన్నది. వివిధ శాఖల సమాచారాన్ని కలిపి ఒక మనిషిని గుర్తించే ‘సమగ్ర వేదిక’ విధానాన్ని రాష్ట్రం ఆహార భద్రత కార్డుల అర్హత నిర్ణయంలో వాడింది. 2014 నుంచి 2019 వరకు 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరుగా భావించడం, ఇతరుల వాహనాన్ని పేదవాడి ఖాతాలో చూపడం వంటి పొరపాట్లు బయటపడ్డాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులపై క్షేత్ర విచారణకు ఆదేశించింది. ఆ ఏడాది జులై నాటికి పరిశీలన ముగిసిన సుమారు రెండు లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హమైనవని తేలింది. శాతంలో చూస్తే ఏడున్నర. విశ్లేషకుడికి అది చిన్న దోషం. బియ్యం అందని ఇంటికి అది నూటికి నూరు శాతం.

పరిమాణం ప్రామాణికతకు హామీ కాదు

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి పత్రాలు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి, లాండన్ గెలుస్తారని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్. టెలిఫోను, కారు ఉన్నవారి జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం, జవాబు పంపడానికి ఇష్టపడినవారి మాటే లెక్కకు రావడం ఆ తప్పుకు కారణాలు. జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో సరైన ఫలితం చెప్పారు. 2008లో గూగుల్ సంస్థ, జనం వెదికే పదాలను బట్టి ఫ్లూ వ్యాప్తిని అంచనా వేసే విధానం ప్రవేశపెట్టింది. 2012-13 సీజనులో అది అసలు వైద్యుల లెక్క కంటే దాదాపు రెట్టింపు చూపింది.

మన దేశంలో ఈ పాఠాన్ని ముందుగా నేర్పినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1937 నుంచి బెంగాల్ జనపనార విస్తీర్ణాన్ని నమూనా సర్వేలతో అంచనా వేస్తూ, జాగ్రత్తగా ఎన్నుకొన్న నమూనా నిర్లక్ష్యంగా చేసిన పూర్తి గణన కంటే నమ్మదగినదని నిరూపించారు. పి.వి. సుఖాత్మే పంటకోత ప్రయోగాల పద్ధతిని దేశానికి అందించారు.

పొలాస పరిశోధనా స్థానం చరిత్రలోనూ ఇదే సాక్ష్యం దొరుకుతుంది. వరిని పీడించే ఉల్లికోడులో జీవరూపాలు అనేకం. జగిత్యాలలో కనిపించేది మూడవ జీవరూపం, వరంగల్‌లో కనిపించేది వేరొకటి. ఒక చోట తట్టుకొన్న రకం ఇంకొక చోట లొంగిపోవచ్చు. రాష్ట్ర సగటు ఈ తేడాను చూపలేదు. కొన్ని గుంటల ప్రయోగ మడుల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలన చూపింది. జగిత్యాల సన్నాలుగా పేరుపొందిన జేజీఎల్ 1798 వంటి రకాలు ఆ చిన్న, నిశితమైన సమాచారం నుంచే పుట్టాయి.

నమోదు చేసే మనిషి

సమాచారం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని సేకరించే మనిషిని మరువరాదు. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక విస్తరణాధికారి క్లస్టరు ఏర్పడింది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్ర సగటు కమతం ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఆ లెక్కన ఒక్కొక్కరి పరిధిలో 2,000 కమతాలు. 40 పని దినాల్లో పంటల నమోదు ముగించాలంటే రోజుకు 50. ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగినా, నడకతో కలిపి ఒక్కొక్క పొలానికి పది నిమిషాలు కూడా దక్కవు. రైతుబీమా, నేల నమూనాలు, కొనుగోలు టోకెన్లు, శిక్షణలు దీనికి అదనం. 2024లో డిజిటల్ పంటల సర్వే బాధ్యతపై విస్తరణాధికారులు అభ్యంతరం తెలిపినప్పుడు ఈ భారమే ముందుకు వచ్చింది.

ఇంత ఒత్తిడిలో నిరుటి వివరాన్నే ఈ ఏడాదికి దించివేసే అవకాశం ఉంటుంది. ఊళ్లో ఒకచోట కూర్చొని రైతులను అడిగి రాసుకొనే అవకాశమూ ఉంటుంది. పైనున్న తెరపై మాత్రం చూసి రాసినది, విని రాసినది ఒకే రంగులో కనిపిస్తాయి. నమోదు లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తయిందన్న వాక్యం సమాచార నాణ్యతకు ప్రమాణం కాదు. పైగా విస్తరణాధికారి దినమంతా నమోదుకే పోతే, రైతుకు సలహా చెప్పే సమయం ఎక్కడ?

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

మొదటిది, ప్రతి సీజనులో స్వతంత్ర నమూనా తనిఖీ. ఒక క్లస్టరులోని 2,000 కమతాల్లో యాదృచ్ఛికంగా 100 ఎన్నుకొని, నమోదైన పంటను పొలంలోని పంటతో పోల్చాలి. దోషం 10 శాతం అని తేలితే, అసలు దోషం సుమారు 4 నుంచి 16 శాతం మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 400 పొలాలు చూస్తే ఆ హద్దు 7 నుంచి 13కు కుదించుకుపోతుంది. పొలాస వ్యవసాయ కళాశాల, సిరిసిల్ల సమీపంలోని బాబూ జగ్జీవన్ రామ్ వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఈ పని చేయగలరు. వారికి అది గణాంక శాస్త్ర పాఠం, శాఖకు నాణ్యత ధ్రువీకరణ.

రెండవది, నమోదు ఫారంలో స్థానిక సాగు పద్ధతికి చోటు. అంతరపంట, మిశ్రమ పంట, సాగు చేస్తున్న వ్యక్తి పేరు అన్న గడులు తప్పనిసరి కావాలి. పట్టాదారు ఎవరన్నది రెవెన్యూ ప్రశ్న. సాగుదారు ఎవరన్నది వ్యవసాయ ప్రశ్న. చీడపీడల సలహా పట్టణంలో ఉన్న పట్టాదారు ఫోనుకు పోతే పొలంలో ఉన్న కౌలు రైతుకు అది అందదు.

మూడవది, ప్రతి సంఖ్య వెంట దాని పుట్టుక. ఏ తేదీన, ఎవరు, చూసి రాశారా విని రాశారా, ఉపగ్రహ అంచనానా అన్న వివరం నిర్ణయాధికారి ముందుకు రావాలి. రెండు ఆధారాలు విభేదిస్తే సగటు తీసి ముగించరాదు. విభేదించిన గ్రామాలకు వెళ్లి చూడాలి. తేడా ఉన్నచోటనే కొత్త విషయం తెలుస్తుంది.

నాలుగవది, చిన్న అడుగుతో పరీక్ష. రాష్ట్రమంతటికీ వర్తించే సూచనకు ముందు రెండు మూడు మండలాల్లో ఒక సీజను అమలు చేసి చూడాలి. మనం కొత్త రకాన్ని మినీకిట్ దశ దాటనిదే విడుదల చేయం. విధానానికి మాత్రం ఆ ఓపిక ఎందుకు చూపరాదు?

ఐదవది, సరిదిద్దుకొనే దారి. సమాచారం ఆధారంగా ఎవరికైనా సహాయం ఆపవలసి వస్తే ముందుగా తెలియజేయాలి, కారణం తెలుగులో చెప్పాలి, గ్రామంలోనే అభ్యంతరం వినాలి. రైతు వేదికలు ఇందుకు అనువైన చోట్లు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తన వివరాలను సరిదిద్దించుకొనే హక్కును వ్యక్తికి గుర్తించింది. ఆ హక్కు కాగితం దాటి రైతు వేదికకు చేరాలంటే మన తోడ్పాటు అవసరం.

ముగింపు

బిగ్ డేటా పాలకుడికి దూరపు చూపునిస్తుంది. పది లక్షల ఎకరాలను ఒక్కసారిగా చూడగలగడం చిన్న వరం కాదు. ఎరువు సకాలంలో చేరడానికి, సహాయం నేరుగా ఖాతాలో పడడానికి, వర్షానికి ముందు హెచ్చరిక అందడానికి అది తోడ్పడింది. ఆ చూపుకు దగ్గరి వస్తువు మసకగా కనిపిస్తుంది. పసుపు వరుసల మధ్య మొక్కజొన్న, చెరువుకు దూరంగా ఎండిన బోరు, పట్టా లేని సాగుదారు ఆ మసకలో ఉన్నారు.

నిర్ణయం ఎంత పెద్దదైతే పొలం వద్ద తనిఖీ అంత గట్టిగా ఉండాలి. రైతు గుర్తింపు సంఖ్యలు, డిజిటల్ పంటల సర్వే, కృత్రిమ మేధ సలహాలు వేగంగా ప్రవేశిస్తున్న ఈ దశలోనే ఆ తనిఖీని విధానంలో భాగం చేయించాలి. వ్యవస్థ స్థిరపడిన తరువాత గడులు మార్చడం కష్టం. జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా వచ్చే సీజను నమోదుకు పొలంలోకి దిగే విద్యార్థి, ‘ఇక్కడ ఏ పంట?’ అన్న ప్రశ్నతో పాటు ‘ఎవరు సాగు చేస్తున్నారు, ఎందుకు ఈ పంట?’ అని కూడా అడిగి రాసుకుంటే, పైనున్న తెరపై ఆ జిల్లా మరింత నిజంగా కనిపిస్తుంది.